తీసేసినా ఉండేవి

తెర మీద ఆకుపచ్చ గీత ఇంకా సగానికి రాలేదు. హేర్యన్ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి చూసింది, వెనక్కి వెళ్ళింది, బేసిన్‌లో నానుతున్న సముద్రపు నాచుని ఒకసారి కలియబెట్టింది, మళ్ళీ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. గంట పట్టొచ్చన్నాడు టెక్నీషియన్. "చిన్న చిన్న ముక్కలండీ అమ్మగారూ, లెక్కలేనన్ని ఉన్నాయి, అదంతటదే చెరుపుకుంటూ పోతుంది, మీరు దేన్నీ ముట్టుకోకండి" అని చెప్పి ఫోన్ పెట్టేశాడు. ఊళ్ళో ఏ మూలో తన దుకాణంలో కూర్చుని, ఆమె చెయ్యి వెయ్యకుండానే ఆమె తెర మీద మౌస్ బాణాన్ని అటూ ఇటూ నడిపించి, ఆమె ఎన్నడూ చూడని తలుపులు తీసి, దాక్కున్న ఫోల్డర్లని బయటికి కనబడేలా చేసి, నవ్వుతూ మాట్లాడి, ఇంకో ఇంటి కంప్యూటర్ చూడ్డానికి వెళ్ళిపోయాడు. బాణం ఇప్పుడు తెర మధ్యలో నిలబడిపోయి ఉంది. దాన్ని కదపాలంటే ఆమెకి భయంగా ఉంది. మధ్యాహ్నం భోజనానికి కూతురు దసోమ్ వస్తుంది. జొన్‌జులో బస్సెక్కానని పొద్దున్నే కబురు పెట్టింది. ఇవాళ దాని పుట్టినరోజు. వస్తుంది, బూట్లు విప్పుతుంది, పుట్టినరోజున తాగే నాచు చారు తాగుతుంది, ఒక్క మాట అడుగుతుంది. దానికి అమ్మ ఒక్క మాట చెప్పాలి. ఆ ఒక్క మాట మీద సోమవారం ఆగి ఉంది.

సోమవారం నాడు దసోమ్ మళ్ళీ పిల్లల ముందు కూర్చోవాలి. చిన్న పియానో బడి, ఒక మందుల షాపు పైన, రెండు గదులు. బుచోన్‌లో పాఠాలు చెప్పిన బడిలో లాగా తల్లుల సంఘాలూ అవీ లేవట, ఉన్నవాళ్ళంతా చిన్నపిల్లలట. "నువ్వు లేదంటే వెళ్తానమ్మా. నెట్‌లో ఎక్కడా లేదని నువ్వు చెప్పు చాలు. ఇంకెవరు చెప్పినా నేను నమ్మను" అంది కిందటి వారం ఫోన్లో. అప్పుడు హేర్యన్ దాదాపు చెప్పేసేది. నెలంతా వెతికితే ఒక్క చోటే, అదీ ఒక్కసారే కనబడింది, అదీ తీయించేసింది. పుట్టినరోజు దాకా ఆగుదాం, చారు గిన్నె ముందు పెట్టి చెబుదాం, ఎదురుగా మొహం చూస్తూ చెబుదాం అనుకుంది. ఆ మొహం మీద ఏం జరుగుతుందో ముందే ఊహించుకుంది. కనుబొమల మధ్య ముడి విడుతుంది, పై పెదవి కొంచెం వణుకుతుంది, చిన్నప్పుడు ఇంజెక్షన్ అయిపోయిందని చెప్పగానే వణికినట్టు. అన్నీ చూసేసింది ముందే. నిన్న రాత్రి కంప్యూటర్ మరీ మొరాయించకపోయి ఉంటే, సైటు తెరుచుకోవడానికి అంతంతసేపు పట్టకపోయి ఉంటే, దసోమ్ వచ్చి తనే ఒకసారి వెతికి చూస్తానంటుందేమో ముందు బాగు చేయించి ఉంచుదాం అనే ఈ బుద్ధి పుట్టకపోయి ఉంటే, ఇప్పుడు ఈ వేళకి నాచు వేయిస్తూ ఉండేది, నువ్వుల నూనె వాసన ఇల్లంతా పట్టి ఉండేది.

"సినిమాలు బాగా దింపుకుంటారల్లే ఉందే అమ్మగారూ" అన్నాడు అతను మొదట్లో, బాణాన్ని తిప్పుతూ. ఆమె చెంపలు మండాయి. అతనికి ఫైళ్ళ పేర్లు కనబడతాయేమోనని తెర మీద చెయ్యి అడ్డం పెట్టబోయింది, అతను చూస్తున్నది ఈ తెర కాదు కదా అని గుర్తొచ్చి తీసేసింది. పేర్లు లేవు. అర్థంలేని అక్షరాల బారులు, ఒకదాని కింద ఒకటి, ఎంతకీ ఆగకుండా దిగిపోతున్నాయి. "ఇవేం ఫైళ్ళు బాబూ? నేను పెట్టినవి కావే" అంది. "మీరు పెట్టరండీ, అదే పెట్టుకుంటుంది. ఈ ఫైళ్ళు అమ్మే సైట్లున్నాయే, వాటి ప్రోగ్రామ్. మీరు తీసేశామనుకున్నా ఇది పోదు, ఇట్లా దాక్కుని ఉంటుంది. మీరేదన్నా దింపుకున్నారనుకోండి, దాన్ని ముక్కలు చేసి ఇక్కడ దాచుకుని, ఆ ఫైలే ఇంకెవరన్నా అడిగితే మీ ఇంట్లోంచి వాళ్ళకి పంపుతుంది. కంపెనీ వాడికి లైను ఖర్చు మిగులుతుంది కదా. మీ కంప్యూటర్ ఊరందరికీ నీళ్ళు మోసిందండీ అమ్మగారూ, అందుకే పాపం ఆయాసం" అని నవ్వాడు. ఆమె కూడా ఏదో శబ్దం చేసింది, నవ్వులాంటిది. అప్పటికి ఇంకా తెలియలేదు ఆమెకి. తెలిసిన తరవాత కూడా కొంతసేపు తెలియలేదు.

కాగుతున్న నూనెలో చెయ్యి పెట్టినా మొదటి క్షణం చల్లగానే ఉంటుంది. ఒకసారి పెళ్ళైన కొత్తలో అట్లా జరిగింది, అత్తగారింట్లో, పండక్కి చేప ముక్కలు వేయిస్తుంటే. చల్లగా ఉందేమిటా అనుకుంది, ఆ తరవాత కదా కేక వేసింది. ఇప్పుడు కేక రాలేదు. "ఎప్పట్నుంచి ఉంది బాబూ ఇది?" అంది. "రెండేళ్ళ కిందటివి కూడా కనబడుతున్నాయండీ." రెండేళ్ళు. "వాళ్ళ సైటు మీద తీసేసినా?" అంది. "అక్కడ తీసేసినా ఇక్కడ ముక్కలుంటాయి కదండీ. అదే ఫైలుని ఎవరన్నా ఇంకో పేరు పెట్టి మళ్ళీ ఎక్కిస్తే, ఈ ముక్కలే పనికొస్తాయి. పేరు మార్చినా లోపలున్నది అదే అయితే గుర్తుపట్టేస్తుంది, అంత తెలివైంది." మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. అతనికేం తెలుసు. తెలిస్తే ఫోన్ చేతిలోంచి జారవిడిచేవాడేమో, లేకపోతే గొంతు తగ్గించి ఇంకో రకంగా మాట్లాడేవాడేమో, ఆ ఇంకో రకం గొంతు ఆమెకి బాగా తెలుసు. పోలీస్ స్టేషన్‌లో విన్నది. బడి ప్రిన్సిపల్ నోట విన్నది. సొంత చెల్లెలి నోట విన్నది.

పేరు మార్చినా. కోర్టు కాగితాల ప్రకారం దసోమ్ ఇప్పుడు యున్‌సో. జొన్‌జులో అందరికీ యున్‌సోనే. ఫోన్లో పేరు మార్చి రాసుకో అమ్మా అంటే రాసుకుంది, కానీ నాలుక వినదు. దసోమ్ అనే పేరు పెట్టడానికి పుట్టకముందే ఎన్ని రాత్రులు మొగుడితో పోట్లాడింది, వాళ్ళ తాతగారు చైనా అక్షరాల పేరు పట్టుకొస్తే వద్దంటే వద్దని ఆ రెండక్షరాల కోసం మొండికేసింది. ప్రేమ అని అర్థం, పాత మాట, ఎవరూ వాడరు. ఆ పేరుని కూతురు ఒక బల్ల మీద ఒక గుమాస్తా ముందు పెట్టి వచ్చేసింది. జుట్టు కత్తిరించుకుంది, కళ్ళద్దాలు పెట్టుకుంది, జలుబు లేకపోయినా మాస్కు, మాటలో దక్షిణాది యాస నేర్చుకుంది. లోపలున్నది అదే అయితే గుర్తుపట్టేస్తుంది.

వాడు, దసోమ్ ప్రేమించిన ఆ పిల్లవాడు, ఇదే ఇంట్లో ఇదే నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఆమె కలిపిన అన్నం తిన్నాడు. "అత్తయ్యా, మీ ముల్లంగి కిమ్చీ తిన్నాక మా అమ్మది తినలేకపోతున్నాను" అన్నాడు. డబ్బా నింపి ఇచ్చింది. ఆ డబ్బా తిరిగి రాలేదు. పిల్ల అద్దెగదిలో పుస్తకాల మధ్య గుండీ అంత కెమెరా పెట్టినప్పుడు ఆ డబ్బా ఆ గదిలో ఫ్రిజ్‌లోనే ఉండి ఉంటుంది. తీసిన వీడియో నెట్‌లోకి ఎక్కించాడు. కోర్టులో తల వంచుకున్నాడు, పశ్చాత్తాపపు ఉత్తరాలు రాసి రోజుకొకటి చొప్పున జడ్జిగారికి ఇచ్చాడట, జైలు లేకుండా బయటికి నడిచాడు. వాడి మీద కోపం ఎప్పుడో అలిసిపోయింది. కోపానికి కూడా తిండి కావాలి, ఆమె దగ్గర ఉన్నదంతా ఈ కంప్యూటర్ తినేసింది. మొదట్లో ఒక కంపెనీకి అప్పజెప్పారు, ఇంటర్నెట్‌లో అంత్యక్రియలు చేసేవాళ్ళు అంటారు వాళ్ళని, ఉన్నదంతా పూడ్చేస్తామన్నారు, పూడ్చినదాన్ని మళ్ళీ నెలనెలా చూపించి నెలనెలా అడిగారు. చాలించి తనే కూర్చుంది. యాభై దాటాక ఒంటివేలితో టైపు నేర్చుకుంది. తీసెయ్యమని అర్జీ పెడితే రుజువు పెట్టమన్నారు. లింకు చాలదట, పేరు చూసి నమ్మరట, లోపల ఏముందో ఆ ఫైలు దింపి, దాచి, పంపాలట. ఫైలు కొనాలి. ఒక నూడుల్స్ పొట్లం కన్నా చవక. తన కూతుర్ని తను కొనుక్కుంది, ఒక్కో సైట్లో ఒక్కోసారి, మళ్ళీ మళ్ళీ. ప్రతి సైటూ ముందు తన ప్రోగ్రామ్ వేసుకోమంటుంది. వేసుకుంది. అడుగున పెద్ద రాత, ఒప్పుకుంటున్నాను అని చిన్న గడి. నొక్కింది. ఎవరు చదువుతారు? బ్యాంకులో డబ్బు పంపాలంటే ఒక ప్రోగ్రామ్, పన్ను కట్టాలంటే ఇంకోటి, ఇంటి కాగితం నకలు తీసుకోవాలంటే మూడు, అన్నీ వేసుకోమంటాయి, అన్నీ ఒప్పుకోమంటాయి, ఈ దేశంలో అమ్మలందరి వేళ్ళూ ఆ గడి మీదికి వాటంతటవే పోతాయి. ఇంటికొచ్చిన కొరియర్ వాడికి సంతకం పెట్టినట్టు పెట్టేసింది. పని అయిపోగానే ఒళ్ళు గగుర్పొడిచి ప్రోగ్రామ్ తీసేసేది, తీసేశాను అనుకునేది, చేతులు సబ్బుతో కడుక్కునేది.

ఎప్పుడూ చూడలేదు. అది మాత్రం దసోమ్‌కి మాటిచ్చింది, నిలబెట్టుకుంది. దిగుతున్నంతసేపూ తెర మీద గిన్నెలు తుడిచే గుడ్డ కప్పేది. దిగాక గుడ్డని పై అంచు దగ్గర కొద్దిగా ఎత్తేది, మొదటి బొమ్మలో ఎడమ పైమూల మాత్రం కనబడేంత. అక్కడ కిటికీ ఉంటుంది. కిటికీకి పసుపు రంగు నూలు కర్టెను. అది ఆమె కుట్టింది, పిల్ల అద్దెగదిలోకి మారిన వారం, పాత మిషను మీద, బాబిన్‌లో దారం అయిపోయి కింది అంచు దగ్గర కుట్టు కొంచెం పక్కకి పోయింది, విప్పి మళ్ళీ కుట్టాలనుకుంది, దసోమే "ఎవరు చూస్తారమ్మా, ఉండనీ" అంది. ఆ వంకర కుట్టు చూసి గుర్తుపట్టేది. ఔను, ఇదే. గుడ్డ వదిలేసేది. ఫైలు పంపేది. రుజువు. ఎన్నిసార్లు ఆ కర్టెను చూసిందో అన్నిసార్లూ ఆ కర్టెను ముక్కలై ఈ కంప్యూటర్ డబ్బాలోకి వెళ్ళి కూర్చుంది, ఆ కుట్టుతో సహా, ఎవరో అడిగినప్పుడు, ఎక్కడో ఒక గదిలో ఎవరో ఒక మగాడు కావాలన్నప్పుడు, ఇక్కణ్ణుంచి, ఈ బల్ల మీద నుంచి, తన వంటింటి గోడ లోంచి, తను కడుతున్న కరెంటు మీద.

గీత సగం దాటింది. ఆమె లేచింది, నాచు సంగతి గుర్తొచ్చి. గుప్పెడు వెయ్యాల్సింది పొద్దున్న ధ్యాస లేక పొట్లం పొట్లం వేసినట్టుంది, బేసిన్ అంచులు దాటి నల్లగా నిగనిగలాడుతూ సింక్‌లోకి జారుతోంది. రెండో గిన్నెలోకి తీసింది. అదీ నిండింది. ముప్పై ఏళ్ళుగా వండుతున్నది, కొలత తెలియక కాదు. దసోమ్ పుట్టిన రోజు ఆసుపత్రిలో హేర్యన్ వాళ్ళమ్మ పొద్దున్నా మధ్యాహ్నం రాత్రీ ఈ చారే పోసింది, తాగు తాగు పాలు పడతాయి అంటూ. తాగలేక ఏడుస్తుంటే పక్క మంచం మీద బాలింత నవ్వింది. చేతికి జారిపోయే ఈ మెత్తదనం, ఉప్పు నీళ్ళ వాసన, ఎంత తీసినా ఇంకా ఇంకా పెరుగుతూ. మూడో గిన్నె కోసం పై అర తలుపు తీసి అక్కడే ఆగిపోయింది.

రెండేళ్ళుగా ఈ కంప్యూటర్ని ఆపలేదు. ఆపితే మళ్ళీ లేవడానికి మొరాయిస్తుందని. ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి ఆ గది గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, "దాన్నన్నా పడుకోనివ్వవే" అనేవాడు. రాత్రి నిద్రపట్టక లేచి వచ్చి దాని డొక్క మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది. ఎవరూ తాకకపోయినా లోపల ఏదో గరగరలాడేది. అది తన కోసం పని చేస్తోందనుకుంది. ఇంట్లో తనతో పాటు మేలుకుని ఉన్నది అదొక్కటే అనుకుంది. జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు పెట్టేది ఆ చెయ్యి. దసోమ్ కూడా, జొన్‌జులో నిద్రపట్టనప్పుడల్లా ఫోన్ చేసి, "అమ్మా, మాట్లాడొద్దులే, ఫోన్ దాని పక్కన పెట్టు" అనేది. ఫ్యాను చప్పుడు వింటూ నిద్రపోయేది. "అది తిరుగుతుంటే నువ్వు నా కోసం వెతుకుతున్నట్టుంటుంది" అంది ఒకసారి. అటు ఫోన్లో పిల్ల ఊపిరి సర్దుకుంటుంటే ఇటు ఆ చప్పుడు ఇంకా హెచ్చేది. ఎంతమందికి పంపుతూ ఉందో అప్పుడు.

ఇక ముందు ఎట్లా అని ఆలోచించబోయింది, ఆలోచన ఒక గోడకి తగిలి తిరిగి వచ్చింది, ఇంకో గోడకి తగిలి మళ్ళీ వచ్చింది. "రేపు మళ్ళీ ఆ సైట్లోకెళ్తే మళ్ళీ వచ్చి కూర్చుంటుందండీ, వెళ్ళకండి" అన్నాడతను, తేలిగ్గా. వెళ్ళకపోతే, వెతక్కపోతే, ఎవడో ఇంకో పేరు పెట్టి ఎక్కిస్తాడు, ఎక్కిన సంగతి కూడా తెలియదు, జొన్‌జులో మందుల షాపు మెట్లెక్కే ఒక తండ్రి ఫోన్ దాకా పోతుంది. వెళితే, వెతికితే, గుడ్డ ఎత్తి ఆ కుట్టు చూస్తే, పంచేది తనే. చెరిపెయ్యడానికి వేరే దారి పెట్టలేదు వాళ్ళు. ఎవరికన్నా అప్పజెబితే వాళ్ళ కంప్యూటర్లోనూ ఇదే జరుగుతుంది కదా, వాళ్ళు జీతానికి చేస్తారు, అంతే తేడా. దసోమ్‌కి చెప్పడమా? కిందటి నెల కనబడ్డ ఆ ఒక్కసారీ, ఆ ఫైలు నిలబడ్డది ఇక్కడి ముక్కల మీదేనని చెప్పడమా? ఆ ఆలోచన కూడా వచ్చి, కూర్చోకుండా, నిలబడే వెళ్ళిపోయింది. ఈ రెండేళ్ళలో ఆ పిల్ల ప్రపంచం మొత్తంలో ఒక్క గదిని నమ్మింది. అది ఈ గది.

గీత చివరికి చేరింది. చిన్న గంట మోగినట్టు ఒక శబ్దం, పూర్తయింది అని రాత. అంతే. చెరిగిపోయిన చోట తెల్లగా ఖాళీ. ఇక్కడ ఖాళీ. ఆమె కంప్యూటర్ ఆపేసింది. ఫ్యాను తగ్గి, తగ్గి, నిలిచింది. రెండేళ్ళ తరవాత ఆ ఇంట్లో మిగతా చప్పుళ్ళు వినబడ్డాయి, ఫ్రిజ్, పై అంతస్తులో ఎవరిదో బట్టల మిషను, సింక్‌లోకి ఒక్కొక్కటే జారుతున్న చుక్కలు. పరాయి ఇంట్లో నిలబడ్డట్టనిపించింది. నాచు పిండి, కోసి, నూనెలో వేసి, మాంసం ముక్కలు వేసి, నీళ్ళు పోసింది. చేతులు వాటి పని అవి చేశాయి. తలుపు మీద నంబర్లు నొక్కిన చప్పుడు వినబడేటప్పటికి చారు తెల్లబడుతోంది.

"అమ్మా, ఇదేంటి, పెళ్ళివారెవరన్నా వస్తున్నారా?" అంది దసోమ్ మాస్కు కిందికి లాగుతూ, మూడు గిన్నెల నాచు చూసి. "పుట్టింది నేనొక్కదాన్నే కదా, కవలలు గానీ ఉన్నారా నాకు చెప్పకుండా?"

"పొట్లం చిరిగిపోయిందే" అంది హేర్యన్. "కూర్చో, చల్లారిపోతుంది."

తాగింది. రెండో గిన్నె కూడా తాగింది. బస్సులో పక్కన కూర్చున్నావిడ దారంతా కొడుకు సంబంధాల గురించి చెప్పి తన వయసు అడిగిందని, ముప్పై ఎనిమిదని అబద్ధం చెబితే నోరు మూసుకుందని చెప్పి నవ్వింది. కళ్ళ దాకా వచ్చిన నవ్వే. చాలా రోజులైంది. చెంచా పెట్టేసి, ఏదో తప్పిపోయినట్టు తలెత్తి చూసింది.

"అమ్మా. చప్పుడు లేదేంటి?"

"ఏ చప్పుడు?"

"అదే. అది. పాడైందా?" కనుబొమల మధ్య ముడి. "ఎప్పుడాపేశావ్?"

"ఇప్పుడే. వేడెక్కిందని."

"వెయ్యవా? కాసేపు పడుకుంటాను ఇక్కడే." దిండు లాక్కుని గదిలో వెచ్చటి నేల మీద, బల్ల పక్కనే, గోడ వైపు తిరిగి పడుకుంది, చిన్నప్పటిలా మోకాళ్ళు ముడుచుకుని. "ఒక్కసారి చూసి చెప్పమ్మా. నేను చూడను. నువ్వు చూడు. ఆ తరవాత నాకు చెప్పు."

హేర్యన్ బల్ల కిందికి వంగింది. దుమ్ములో వేళ్ళు పెట్టి, గోడలోంచి వచ్చే లావు ఇంటర్నెట్ తీగ ఎక్కడుందో తడిమి, పట్టుకుని, చప్పుడు కాకుండా ఊడదీసింది. తరవాత మీట నొక్కింది. ఫ్యాను ఒకసారి దగ్గి, తిరిగింది. దసోమ్ వీపు అంతా ఒక్కసారి మెత్తబడటం ఆమెకి కనబడింది. తెర వెలిగింది. ఆమె కుర్చీలో కూర్చుని, మీటలు గట్టిగా వినబడేలా, ఒంటివేలితో, వేళ్ళకి అలవాటైన పాత పేరునే టైపు చేసింది. ఎంటర్ కొట్టింది. తెల్ల తెర మీద బొమ్మల్లేవు, ఫైళ్ళు లేవు, ఏ రంగు కర్టెనూ లేదు. పేజీ కనబడటం లేదు అని మధ్యలో ఒక్క వరస.

"ఉందా అమ్మా?"

ఊడిన తీగ కొస ఆమె కాలికి తగులుతోంది.

"లేదే" అంది హేర్యన్. "చూస్తున్నా కదా. ఎక్కడా లేదు."

నేల మీంచి ఊపిరి వినబడింది, ఒకటి, దాని వెనక ఇంకోటి, నెమ్మదిస్తూ. హేర్యన్ అదే పేరు చెరిపి మళ్ళీ టైపు చేసింది.